తెర వెనక నుంచి ప్రొజెక్షన్ వేసి సెల్ఫ్ పోర్ట్రెయిట్: మధ్యలో తెల్లమచ్చ ఎలా తగ్గించాలి?

అమెరికన్ ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ 1980లో ప్రొజెక్టర్‌తో తెరమీద దృశ్యం వేసి, దాని ముందు తనే వేషం కట్టి తీసుకున్న కలర్ ఫొటోల పద్ధతిలో ఒక సిరీస్ చేస్తున్నాను. తెరమీద కనబడే వీధి నిజం కాదని చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోవాలి, ఆ ఫొటోల అందమంతా అందులోనే ఉంది. కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేసి తప్పించుకోవడం కుదరదు.

పల్చటి తెల్ల కాటన్ తెర, దాని వెనక 8 అడుగుల దూరంలో డీఎల్‌పీ (రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి వేసే రకం) ప్రొజెక్టర్, తెరకి 5 అడుగుల ముందు నేను. 50 ఎంఎం లెన్స్, ఎఫ్/8, ఐఎస్‌ఓ 1600, షట్టర్ 1/15 సెకను. షట్టర్ స్పీడ్ బాగా పెంచితే రంగుల చారలు పడుతున్నాయి. పక్కనుంచి ఒకటే ఎల్‌ఈడీ, తెరమీద వెలుగు పడి బొమ్మ వెలిసిపోకుండా నల్ల అట్ట అడ్డం పెట్టాను. ఫోకస్‌కి ఇబ్బంది లేదు: నేను నిలబడే చోట స్టాండ్ పెట్టి మాన్యువల్‌లో సెట్ చేసి, నేలమీద టేప్ అంటిస్తున్నాను.

చిక్కల్లా ప్రొజెక్టర్ లెన్స్‌కి ఎదురుగా తెర మధ్యలో వచ్చే తెల్లమచ్చ. అంచులు దానికన్నా ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగం) చీకటిగా ఉంటున్నాయి. నా తల వెనక దాచొచ్చు గానీ ఫ్రేములో నేను ఓ పక్కకి ఉండాలి. బట్ట రెండు పొరలు వేస్తే మచ్చ తగ్గింది, కానీ దుకాణం బోర్డుల మీద అక్షరాలు అలుక్కుపోయాయి. ప్రొజెక్టర్‌ని బాగా కిందికి దించి కీస్టోన్ (వాలుగా వేసినప్పుడు బొమ్మకి వచ్చే వంకర) సరిచేస్తే మేలా, లేక ట్రేసింగ్ పేపర్ రోల్‌కి మారాలా? అతుకు కనబడకుండా ట్రేసింగ్ పేపర్ బిగించిన వాళ్లుంటే ఎలా చేశారో చెప్పండి.