పాల ప్యాకెట్లని పుట్టగొడుగు బూజు తింటుందా?

నాగావళి_గట్టు: చిప్ప పుట్టగొడుగుల విత్తనం, వరిగడ్డి ఉన్నాయి. బెడ్డులో పాల ప్యాకెట్లు, పాత పరుపు ఫోమ్ ముక్కలు కలిపితే ఏది బేగి పోతుంది? పుట్టగొడుగులు తినొచ్చా? ఏప్రిల్‌లో మొదలెట్టొచ్చా?

బొబ్బిలి_వీణ: పాల ప్యాకెట్ పాలిథిన్. గొలుసంతా కార్బన్-కార్బన్ లంకెలే, ఎంజైముకి పట్టు చిక్కదు. ఫోమ్ సరుకు పాలీయురెథేన్. అందులో ఎస్టర్ రకమైతే లంకె తెగుతుంది. 2011లో అమెరికా యేల్ యూనివర్సిటీ వాళ్ల పెస్టలోటియోప్సిస్ బూజు, 2017లో ఇస్లామాబాద్ చెత్తకుప్పలోంచి తీసిన ఆస్పర్జిల్లస్ ట్యూబింజెన్సిస్ బూజు, రెండూ పనిచేసింది ఆ ఎస్టర్ రకం మీదే. కానీ పరుపు ఫోమ్ ఎక్కువగా ఈథర్ రకం. దాని మీద ఆశ పెట్టుకోకండి.

పలాస_జీడి: ముందు గడ్డి సంగతి చూడండి. 100 లీటర్ల నీళ్లు, 7.5 గ్రాముల కార్బెండజిమ్ (బూజు మందు), 125 మి.లీ. ఫార్మాలిన్ (క్రిములని చంపే ఘాటు మందు), 10 కిలోల గడ్డి. మూతపెట్టి 16–18 గంటలు. పిండితే చుక్క కారకూడదు.

తోటపల్లి_కాలవ: మందులో నానేసిన గడ్డి మీద పెంచి తినమంటారేటి? 65–70 డిగ్రీల నీళ్లలో గంటన్నర ఉంచితే చాలు.

పలాస_జీడి: పది కిలోల గడ్డికి ఆ వేడి గంటన్నర నిలబెట్టాలంటే కట్టెలు మీరు పంపిస్తారా? మధ్యలో 50కి పడిపోతే పచ్చబూజు వస్తాది. కార్బెండజిమ్ ఆపేది దాన్నే, చిప్ప బూజుని కాదు.

తోటపల్లి_కాలవ: ఫార్మాలిన్ ఘాటు పోకుండా విత్తనం వేస్తే అదీ చస్తుంది. అది చెప్పరేం?

పలాస_జీడి: ఆరబెట్టమని అందరికీ తెలుసు. చిన్నపిల్లలా చెప్పాలా?

రాజాం_రసాయనం: మీ గొడవ ఒగ్గేయండి. ఇరవై ఏళ్లుగా పాలిమర్లే నా పని. చిప్ప బూజుతో ప్యాకెట్ 20 శాతం తగ్గుతుంది, తూచి చూసుకోండి.

బొబ్బిలి_వీణ: దేంతో తూచారు? ఖాళీ అరలీటరు ప్యాకెట్ మూడు గ్రాముల లోపే. కిరాణా కాటా చాలదు, 0.1 మిల్లీగ్రాము చూపేది కావాలి. లోపలి పాలకొవ్వు పోయినా బరువు తగ్గుతుంది. ముందే సబ్బునీళ్లతో కడిగి, 50 డిగ్రీల్లో ఆరబెట్టి తూచాలి. తీశాక 2 శాతం ఎస్‌డీఎస్ (సబ్బులాంటి డిటర్జెంట్) నీళ్లతో బూజు వదలగొట్టాలి, లేదంటే బరువు పెరిగినట్టు చూపిస్తుంది. విత్తనం వేయని బెడ్డులోనూ అవే ముక్కలు పెట్టారా?

రాజాం_రసాయనం: ప్రతిదానికీ ల్యాబ్ కావాలంటే ఇక్కడ పనేం జరగదు.

బొబ్బిలి_వీణ: ల్యాబ్ అక్కర్లేదు, విత్తనం వేయని బెడ్డు ఒకటి చాలు.

కళింగ_తీరం: సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు 2023లో పాలీప్రొపిలీన్‌ని, అంటే మన బియ్యం సంచి సరుకుని, బూజులతో 30 రోజుల్లో 21 శాతం తగ్గించారు. ముందు అతినీలలోహిత కాంతి, వేడి లాంటివి పెట్టి ఆక్సీకరణ చేశారు కాబట్టే. మనకి డాబా మీద ఎండ ఉంది. సంచిని పెళుసెక్కేదాకా ఒగ్గేయండి. కాని పొడిగా రాలనివ్వకండి, మైక్రోప్లాస్టిక్ అదే.

తోటపల్లి_కాలవ: ముక్కలు సెంటీమీటరు కన్నా పెద్దవైతే మడతల్లో నీళ్లు నిలిచి బెడ్డు కుళ్లు వాసన కొడతాది. గడ్డి కిలోకి ప్లాస్టిక్ 20 గ్రాములు దాటొద్దు. అలాంటి బెడ్డు పుట్టగొడుగులు తినకండి, ప్యాకెట్ ఇంకు, కలిపిన రసాయనాలు ఎటు పోతాయో చూసినవాళ్లు లేరు.

పలాస_జీడి: ఇదొక్కటీ ఒప్పుకుంటాను. ఆస్పర్జిల్లస్ జోలికైతే ఇంట్లో పోకండి, ఆ బీజాలు ఊపిరితిత్తుల్లో దిగుతాయి.

భావనపాడు_వల: మా తెగిన వలల సంగతేటి? నైలాన్ పోతాదా?

బొబ్బిలి_వీణ: నైలాన్‌లో అమైడ్ లంకెలు. చెక్కని తెల్లగా కుళ్లబెట్టే బూజులు మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని తెంపుతాయి, కానీ నత్రజని తక్కువ ఉంటేనే ఆ ఎంజైమ్ బాగా వస్తుంది. తవుడులో నత్రజని ఉంటుంది, అది కలపకండి. ఉప్పు పోయేదాకా కడగండి.