రేడియేషన్ తర్వాత అమ్మ కంట్లో వాపు, ఇంజక్షన్లతో తగ్గడం లేదు

మాది మిర్యాలగూడ. అమ్మకు 58 ఏళ్లు, షుగరు ఉంది. కుడి బుగ్గ ఎముక వెనక సైనస్‌లో క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి, 2023 చివర్లో హైదరాబాదులో 30 విడతల్లో 60 గ్రే రేడియేషన్ ఇచ్చారు. క్యాన్సర్ మళ్లీ కనిపించలేదు, అది పెద్ద ఊరట.

ఏడాదిన్నర తర్వాత కుడికన్ను మసకబారింది. తలుపు అంచు వంకరగా కనిపిస్తోందంటుంది, బియ్యంలో రాళ్లు ఏరలేకపోతోంది. కన్ను పొడిబారిందని మొదట రెండు గంటలకోసారి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వాడాం. మంట తగ్గింది గానీ చూపు మెరుగుపడలేదు. కళ్లద్దాలు మార్చినా అంతే. కంటి లోపలి పొరల్ని చూపే ఓసీటీ స్కాన్‌లో రెటీనా (కంటి వెనక పొర) మధ్యభాగం ఉబ్బినట్టు తేలింది, రేడియేషన్ రెటినోపతి, అంటే రేడియేషన్ వల్ల రెటీనా దెబ్బతినడం అన్నారు. నెలకొకటి చొప్పున వాపు తగ్గడానికి కంట్లోకి మూడు బెవాసిజుమాబ్ ఇంజక్షన్లు ఇచ్చారు. ప్రతిసారీ వాపు కొంత తగ్గి, నెల తిరిగేసరికి మళ్లీ వస్తోంది. చూపు 6/36 (మామూలు కంటికి 36 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచే కనిపించడం) దాటడం లేదు. ఎడమకన్ను బాగుంది. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగరు) 6.8.

డెక్సామెథసోన్ ఇంప్లాంట్ (కంట్లో ఉండి మెల్లగా స్టెరాయిడ్ మందు వదిలే చిన్న గుళిక) పెట్టి చూద్దామంటున్నారు డాక్టరు. స్టెరాయిడ్ కనుక కంటి ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు అని కూడా చెప్పారు. ఉన్న చూపు కూడా పోతుందేమోనని అమ్మ ఒప్పుకోవడం లేదు, నాకూ భయంగానే ఉంది.

రేడియేషన్ రెటినోపతికి ఈ ఇంప్లాంట్ పెట్టించుకున్నవారు మీలో గానీ మీ ఇంట్లో గానీ ఉంటే, వాపు ఎన్ని నెలలు అదుపులో ఉందో చెప్పగలరా?