ఛార్జర్ పెడితే వీణ ట్రాకులో గుయ్‌మని మోత: డీఐ బాక్సు కొనాలా?

అనంతపురంలో ఇంటి గదిలోనే వీణ, గాత్రం రికార్డింగు. విండోస్ 11 ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకుని, వాద్యాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), రీపర్ (రికార్డింగు సాఫ్ట్‌వేర్). 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిళ్లు.

ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో వచ్చే గాత్రం మైకు శుభ్రంగా ఉంది. వీణకు అంటించిన పీజో పికప్‌ని (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే సెన్సార్) ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి కలిపితేనే మోత. ఛార్జర్ పీకగానే పోతుంది. ఛార్జర్ మూడు పిన్నులదే, సాకెట్‌లో ఎర్త్ సరిగానే ఉంది. స్పీకర్లు తీసేసి హెడ్‌ఫోన్లలో విన్నా అంతే. ఎర్త్ పిన్ను తీసేయమని మాత్రం చెప్పొద్దండీ, అది ప్రమాదం.

బ్యాటరీ మీదే చేయొచ్చుగా అంటారేమో. అప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గి 128 దగ్గర చిటపటలు వస్తున్నాయి. 512కి పెంచితే బఫర్ వల్లే ఒకవైపు 10.7 మిల్లీసెకన్ల ఆలస్యం, రీవెర్బ్‌తో వింటూ పాడటం కుదరదు. పైగా రికార్డింగులో చప్పుడు రాకుండా ఈ ఎండల్లో గది ఫ్యాన్ ఆపితే ల్యాప్‌టాప్ ఇంకా నెమ్మదిస్తుంది.

అసలు సందేహం: వీణకు వేరే కరెంటు కనెక్షనే లేదు, మరి ఇది గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి వచ్చే మోత) ఎలా అవుతుంది? ఛార్జర్ నాయిస్‌ని షీల్డు సరిగా లేని పీజో వైరే లాక్కుంటోందా? అలాగైతే డీఐ బాక్సు (వాద్యం సిగ్నల్‌ని మైకు ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే పెట్టె) మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ (కేబుల్ గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) వల్ల లాభం ఉండదు. పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి చూపే నిరోధం) పీజోకి చాలదు, మంద్రస్థాయి పలచబడుతుంది. ఆ ఇంపీడెన్స్ 1 మెగాఓమ్ పైన ఉండి, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్‌ని (సిగ్నల్‌ని పెంచే చిన్న పెట్టె) వీణ పక్కనే పెట్టి, అక్కణ్నుంచి నాయిస్ తక్కువ పట్టే బ్యాలెన్స్‌డ్ కేబుల్ లాగితే సరిపోతుందా? లేక ముందు పీజో వైరు మార్చి చూడాలా? చవక యూఎస్‌బీ ఐసోలేటర్లు (ల్యాప్‌టాప్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య కరెంటు సంబంధం తెంపేవి) 12 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి, కాబట్టి ఆ దారి వదిలేశాను.