ఆర్మీ స్టోర్స్‌లో 24 ఏళ్లు: బయట గోడౌన్ ఉద్యోగానికి, ఆ తర్వాత పాఠాలు చెప్పడానికి ఏం కావాలి?

ప్రశ్న (హవల్దార్, స్టోర్ కీపర్ టెక్నికల్):
అందరికీ నమస్కారం. ఇంకో ఎనిమిది నెలల్లో డిశ్చార్జి. వయసు 43, సర్వీసు 24 ఏళ్లు, చదువు ఇంటర్. లెడ్జర్లు, బిన్ కార్డులు (ఒక్కో అరలో సరుకు రాకపోకలు రాసే కార్డులు), రిసీట్-ఇష్యూ వోచర్లు, స్టాక్ చెకింగ్, కండెమ్నేషన్ బోర్డుల (పనికిరాని సరుకును తీసేసే కమిటీల) కాగితాలు అన్నీ చేశాను. ముందు హైదరాబాద్ చుట్టుపక్కలగానీ విశాఖలోగానీ గోడౌన్ సూపర్‌వైజర్‌గా చేరాలని, కొన్నేళ్ల తర్వాత లాజిస్టిక్స్ పాఠాలు చెప్పాలని ఉంది. ఏ కాగితాలు చెల్లుతాయి, ఏవి చెల్లవు? ఇంటర్వ్యూల్లో మనవాళ్లు ఎక్కడ తడబడతారు?

జవాబు 1 (మేడ్చల్ వైపు గోడౌన్ మేనేజర్):
అన్నా, సరుకు లెక్కలో మీకు కొత్తగా నేర్పాల్సింది తక్కువే. తడబడేది ఈ-వే బిల్లు దగ్గర, అంటే సరుకు బండిలో వెళ్లేటప్పుడు జీఎస్టీ కింద ఆన్‌లైన్లో తీసే బిల్లు. కారణం ఉంది. రక్షణ శాఖ కింది ఫార్మేషన్ (సైనిక విభాగం) సరుకు పంపినా, తెప్పించుకున్నా ఈ-వే బిల్లు అక్కర్లేదని జీఎస్టీ నిబంధనల్లోనే మినహాయింపు ఇచ్చారు. కాబట్టి 24 ఏళ్లు సరుకు తిప్పినవాళ్లకు కూడా అది చేసే పని పడి ఉండదు. బయట మొదటి రోజు నుంచీ అదే పని.

గట్టిగా తెలిసి ఉండాల్సినవి ఇవి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే బిల్లు తీయాలి (రాష్ట్రం లోపల తిప్పే సరుకుకు కొన్ని రాష్ట్రాల్లో పరిమితి వేరు). పార్ట్-ఎ లో ఇన్‌వాయిస్ వివరాలు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే అంకె). పార్ట్-బి లో బండి నంబరు. చెల్లుబాటు 2021 జనవరి 1 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు. హైదరాబాద్ నుంచి విశాఖకు సుమారు 620 కిలోమీటర్లు, అంటే నాలుగు రోజులు. మొదటి రోజు బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రికి ముగుస్తుంది. తప్పు పడితే 24 గంటల్లో రద్దు చేసుకోవచ్చు, కానీ దారిలో అధికారి తనిఖీ చేసేశాక రద్దు కుదరదు. గడువు పొడిగించాలంటే ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకే వీలు.

ఎక్కువగా జరిగే తప్పు: బండి దారిలో చెడిపోతే సరుకు వేరే బండిలోకి మార్చి, పార్ట్-బి మార్చడం మరిచిపోతారు. సరుకు సరిగ్గా ఉంటుంది, బిల్లూ ఉంటుంది, నంబరు మాత్రం పాతది. పట్టుబడితే డ్రైవర్ ఫోన్ చేసేది మీకే.

రెండోది, ఆర్మీలో ఇష్యూ వోచర్ ఒక్కటే చాలు. బయట అదే రాష్ట్రంలో, అదే జీఎస్టీ నంబరు మీద ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కు పంపితే డెలివరీ చలాన్. అది మూడు ప్రతులు: సరుకు అందుకునేవాళ్లకు ఒకటి, ట్రాన్స్‌పోర్టరుకు ఒకటి, పంపినవాళ్లకు ఒకటి. రాష్ట్రం దాటితే నంబరు మారుతుంది, కాబట్టి సొంత కంపెనీ గోడౌన్ అయినా పన్నుతో ఇన్‌వాయిస్ కొట్టాలి. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగి చూస్తారు.

ఇక మీకు కలిసొచ్చేవి. బయట స్టాక్ తేడాను చాలాచోట్ల రూపాయల్లో, ప్లస్‌లూ మైనస్‌లూ కలిపేసి చూస్తారు. 100 లొకేషన్లు లెక్కపెడితే ఒకచోట 5,000 రూపాయల బోల్టులు తక్కువ, ఇంకోచోట 5,000 రూపాయల బేరింగులు ఎక్కువ వచ్చాయనుకోండి. విలువ లెక్కన తేడా సున్నా. లొకేషన్ల లెక్కన రెండు తప్పులు, అంటే 98 శాతమే. మీ దగ్గర సర్‌ప్లస్ కూడా తప్పే, డెఫిషియెన్సీ కూడా తప్పే, రెండూ విడివిడిగా రాస్తారు. "ఖచ్చితత్వం ఎలా కొలుస్తారు" అని అడిగితే ఈ రెండు లెక్కలూ చెప్పండి. ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

రీఆర్డర్ లెక్క కూడా అంతే. రోజుకు 40 వాడకం, సరుకు రావడానికి 12 రోజులు, చేతిలో ఉంచుకోవాల్సింది 5 రోజులది. 480 + 200 = 680కి తగ్గితే ఆర్డర్ పెట్టాలి. కానీ దేన్ని 680తో పోల్చాలి? కొత్తవాళ్లు ర్యాకులో ఉన్నది చూస్తారు. మీరు డ్యూస్-ఇన్ (రావాల్సిన సరుకు), డ్యూస్-అవుట్ (ఇవ్వాల్సిన సరుకు) రాసినవాళ్లు. చేతిలో 500, రావాల్సింది 300, ఇవ్వాల్సింది 150 అయితే లెక్క 650. అంటే ఇప్పుడే ఆర్డర్ పెట్టాలి. ఇవ్వాల్సిన 150 వదిలేస్తే 800 కనిపించి నిశ్చింతగా కూర్చుంటారు. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈ లెక్క అదే, తెరలు మారతాయి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్, వీలుక్‌అప్ రాకపోతే మాత్రం ఈ ఎనిమిది నెలల్లో నేర్చుకోండి, దానికి సాకు లేదు.

బయోడేటాలో "క్యూఎం స్టోర్స్ ఇన్‌చార్జ్" (క్వార్టర్ మాస్టర్ స్టోర్స్) అని రాస్తే హెచ్ఆర్ అమ్మాయికి అర్థం కాదు. ఎన్ని రకాల వస్తువులు, ఎంతమంది మీ కింద, ఎన్ని తనిఖీలు, ఎంత తేడా వచ్చింది: ఇవి రాయండి. అయితే యూనిట్ ఉన్న ప్రదేశం, ఆయుధాల పేర్లు, బలగం సంఖ్య రాయకూడదు. "సుమారు 6,000 రకాల విడిభాగాలు" అంటే చాలు, అవి ఏ వాహనానివో వాళ్లకు అవసరం లేదు.

జవాబు 2 (విశ్రాంత సుబేదార్):
తమ్ముడూ, గోడౌన్ సంగతి పైన బాగా చెప్పారు. నేను కాగితాల సంగతి చెబుతాను.

డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ (సర్వీసు ముగిసేవాళ్ల పునరుపాధి చూసే రక్షణ శాఖ సంస్థ) కోర్సుల జాబితాలో సప్లై చైన్, వేర్‌హౌస్ కోర్సులు ఉంటాయి. ఆఫీసర్లయితే ఫీజులో 40 శాతం చేతి నుంచి పెట్టుకోవాలి, జేసీఓలకూ (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకూ) జవాన్లకూ ఫీజు లేదు. సీట్లు కొద్ది. యూనిట్ క్లర్కు దగ్గర జాబితా రాగానే పేరు ఇవ్వండి, డిశ్చార్జి డ్రిల్‌కు (విడుదల కాగితాల పనికి) వెళ్లేటప్పుడు అడిగితే అప్పటికే నిండిపోతాయి.

ప్రభుత్వ ఉద్యోగాలకు డిశ్చార్జి అయ్యేదాకా ఆగనక్కర్లేదు. కేంద్రంలో దరఖాస్తు చివరి తేదీ నుంచి ఏడాదిలోపు సర్వీసు పూర్తయ్యేవాళ్లు మాజీ సైనికుల కోటాలో దరఖాస్తు పెట్టవచ్చు, కాబట్టి మీరు ఇప్పుడే అర్హులు. వయసు లెక్క: 43లోంచి 24 తీసేస్తే 19. ఈ మిగిలిన అంకె పోస్టు గరిష్ఠ వయసు కంటే మూడేళ్లకు మించి ఎక్కువ ఉండకూడదు. మీకు ఆ చిక్కే లేదు. కేంద్రంలో గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం మాజీ సైనికులకు కేటాయింపు. డిశ్చార్జి బుక్ రాగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. పేరు, పుట్టిన తేదీ డిశ్చార్జి బుక్‌లో, ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఒకేలా ఉన్నాయా అని ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ముందూ వెనకా అయితే బయటికొచ్చాక రికార్డ్ ఆఫీసు చుట్టూ ఉత్తరాలు నడపాలి. యూనిట్‌లో ఉండగా అది పార్ట్-2 ఆర్డర్‌తో (సర్వీసు రికార్డులో మార్పు నమోదు చేసే యూనిట్ ఉత్తర్వుతో) సరిపోతుంది.

ఇక 15 ఏళ్లు సర్వీసు చేసిన పదో తరగతి పాసైన మాజీ సైనికులకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్. దాన్ని తప్పకుండా తీసుకోండి.

అడిగినవారు:
ధన్యవాదాలు సార్. ఆ సర్టిఫికెట్ పెట్టి నేరుగా ఎంబీఏలో చేరవచ్చా? అలా అయితే రెండేళ్లలో కాలేజీలో చెప్పే అర్హత వస్తుంది కదా?

జవాబు 3 (డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, వాణిజ్యం-మేనేజ్‌మెంట్):
రాదండీ. అందరూ బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. ఆ సర్టిఫికెట్ విశ్వవిద్యాలయ డిగ్రీ కాదు. డిగ్రీ అర్హతగా పెట్టిన గ్రూప్-సి ఉద్యోగాలకు, అదీ సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని చోట, డిగ్రీతో సమానంగా చూడమని 1986లో ఇచ్చిన వెసులుబాటు అది. ఎంబీఏకు, బీఈడీకి, నెట్‌కు (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్షకు) అసలు డిగ్రీయే కావాలి.

మీ దారి ఇలా ఉంటుంది. ఇంటర్ ఉంది కాబట్టి ఇగ్నోలోగానీ హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోగానీ బీకామ్ లేదా బీఏలో ఇప్పుడే చేరండి. ఇగ్నోలో జనవరి, జూలై రెండు విడతలు. డిశ్చార్జి అయ్యాక చేరదామనుకుంటే ఏడాది పోయినట్టే. డిగ్రీ మూడేళ్లు, ఎంబీఏ రెండేళ్లు. దూరవిద్యలో చేస్తే ఆ సంవత్సరానికి ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందో లేదో చూసుకుని ఫీజు కట్టండి. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉండి కోర్సుకు లేని సందర్భాలుంటాయి.

మార్కుల మీద కన్నేసి ఉంచండి. ఎంబీఏ 52 శాతంతో పాసైతే ఉద్యోగానికి పనికొస్తుంది, నెట్‌కు మాత్రం జనరల్ అభ్యర్థికి 55 శాతం కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50. దూరవిద్యలో మార్కులు పోయేది ఎక్కువగా అసైన్‌మెంట్లు ఆలస్యంగా ఇవ్వడం వల్లే. నెట్‌లో మీ సబ్జెక్టు మేనేజ్‌మెంట్, కోడ్ 17. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గరిష్ఠ వయసు లేదు, అందుకని 50 దగ్గర పడ్డా బెంగలేదు. జేఆర్‌ఎఫ్‌కు (పరిశోధన ఫెలోషిప్‌కు) మాత్రం ఉంది, దాన్ని మరిచిపోండి.

2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ (పని అనుభవం ఉన్నవాళ్లను అధ్యాపకులుగా తీసుకునే పోస్టు) గురించి ఎవరో ఒకరు మీకు చెబుతారు. 15 ఏళ్ల అనుభవం ఉంటే డిగ్రీలు తప్పనిసరి కాదన్న మాట నిజమే. కానీ సీనియర్ స్థాయి అనుభవానికి ప్రాధాన్యం, మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకూడదు, మామూలుగా మూడేళ్లు దాటదు. దాని మీద ఆశ పెట్టుకుని డిగ్రీ మానొద్దు.

ఈ ఐదారేళ్లు ఖాళీగా ఉండనక్కర్లేదు. లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ శిక్షకుల శిక్షణ, అంటే ట్రైనింగ్ ఆఫ్ ట్రైనర్స్ పూర్తిచేస్తే నైపుణ్య కేంద్రాల్లో వేర్‌హౌస్ పికర్, ఇన్వెంటరీ క్లర్క్ లాంటి కోర్సులు చెప్పవచ్చు. ఏ కోర్సుకు ఎంత చదువు, ఎంత అనుభవం కావాలో దానికది వేరుగా ఉంటుంది. మీరు అడగబోయే కోర్సు పేరు పెట్టి చూసుకోండి. అప్రెంటిస్‌షిప్‌తో కలిపిన బీబీఏ లాజిస్టిక్స్ నడుపుతున్న డిగ్రీ కాలేజీలు గెస్ట్ లెక్చర్లకు పనిచేసిన మనుషుల కోసం చూస్తుంటాయి.

డెమో క్లాసు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే సర్టిఫికెట్లన్నీ ఉండి ఇక్కడ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఇచ్చేది 10, 15 నిమిషాలు. అందులో "లాజిస్టిక్స్ నిర్వచనం, లక్ష్యాలు, ప్రాముఖ్యం" అని స్లయిడ్లు పెట్టకండి. ఆర్మీలో చెప్పి, చేసి చూపించి, చేయించే పద్ధతి మీకు అలవాటే కదా, అదే చేయండి. ఇంకోటి: "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా "అయింది సార్" అంటుంది. మీ దగ్గర జవాన్లు కూడా అదే అని ఉంటారు. చేయిస్తేనే తెలుస్తుంది.

ఉదాహరణకు, 20 అడుగుల కంటైనర్లో ప్యాలెట్లు (సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చదునైన బల్లలు) ఎన్ని పడతాయి? లోపల పొడవు 5.9 మీటర్లు, వెడల్పు 2.35. ప్యాలెట్ 1.2 × 1.0. ఏ4 కాగితం మీద 29.5 సెంటీమీటర్లు × 11.75 గీస్తే 20వ వంతు కొలతకు కంటైనర్ అయిపోతుంది, ఏ4 పొడవు 29.7 కాబట్టి సరిగ్గా పడుతుంది. అట్టముక్కలు 6 × 5 సెంటీమీటర్లవి 12 కత్తిరించండి. ముందు వైశాల్యం లెక్క వేయించండి: 13.87ను 1.2తో భాగిస్తే 11కు పైన. తర్వాత నిజంగా పేర్చమనండి. ఎన్ని పట్టాయో వాళ్ల నోటితోనే రానివ్వండి. ఎత్తు, బరువు, ధర ఏవీ ఆ క్లాసులో కలపకండి.

అడిగినవారు:
మేడమ్, అట్టముక్కలు కత్తిరించి చూశాను. 5 సెంటీమీటర్ల వైపు అడ్డంగా రెండేసి పెడితే నాలుగు వరుసలు, ఎనిమిది. చివర అడ్డం తిప్పి ఇంకోటి, మొత్తం తొమ్మిది. ఎంత తిప్పినా పదోది పట్టలేదు. తొమ్మిదేనా జవాబు?

జవాబు 3 (అధ్యాపకురాలు):
పది. పిల్లలు కూడా తొమ్మిది దగ్గరే ఆగుతారు, క్లాసు అక్కడి నుంచే మొదలవుతుంది. నాలుగింటిని గాలిమర రెక్కల్లా పెట్టండి. లోపలి ఎడమ మూల ముక్క 6 అడ్డంగా, దాని పక్కది 5 అడ్డంగా. ముందు వరుసలో ఎడమది 5 అడ్డంగా, కుడిది 6 అడ్డంగా. 11 × 11 చదరం వస్తుంది, మధ్యలో ఒక సెంటీమీటరు చదరం ఖాళీ మిగులుతుంది. ఇలాంటివి రెండు, అంటే ఎనిమిది ముక్కలు 22 సెంటీమీటర్లలో అయిపోతాయి. మిగిలిన 7.5లో రెండు ముక్కలు 5 అడ్డంగా పక్కపక్కన పడతాయి.

జవాబు 1 (గోడౌన్ మేనేజర్):
మేడమ్ చెప్పింది సరే, దానికి రెండు మాటలు కలపండి అన్నా, డెమోలో ఎవరైనా గోడౌన్ మనిషి కూర్చుంటే అడుగుతాడు. ఒకటి, అసలు కంటైనర్ వెడల్పులో మిగిలేది 15 సెంటీమీటర్లు. ప్యాలెట్ మీద పెట్టెలు రెండు వైపులా 5 సెంటీమీటర్ల చొప్పున బయటికి వస్తే, పక్కపక్కన రెండు ప్యాలెట్లకు 20 కావాలి. పదోది కాదు కదా, రెండోదే ఇరుక్కుంటుంది. రెండు, కొన్ని ప్యాలెట్లు అడ్డం తిప్పి పెడుతున్నాం కాబట్టి ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులు నాలుగు వైపుల నుంచీ దూరే ప్యాలెట్లే ఉండాలి. రెండు వైపులే దూరే చెక్క ప్యాలెట్లయితే తిప్పినవాటిని తలుపు వైపు నుంచి ఎత్తలేరు. లోపల పెట్టేటప్పుడు ఎలాగో తోసేస్తారు, దించేచోట వాళ్లు గొలుసు కట్టి లాగుతారు, అడుగు చెక్కలు విరుగుతాయి.

అడిగినవారు:
అర్థమైంది అన్నా. నాలుగు వైపుల ప్యాలెట్‌కు ఒక అట్టముక్క మీద నాలుగు అంచులకూ గీతలు, రెండు వైపులదానికి రెండు అంచులకే గీతలు పెట్టి, రెండు రకాలూ కలిపి ఇస్తాను.

జవాబు 3 (అధ్యాపకురాలు):
బాగుంటుంది. మొదటి అయిదు నిమిషాలు గీతలు లేని ముక్కలే ఇవ్వండి, పది పట్టించాక గీతలవి ఇవ్వండి. ఇగ్నో దరఖాస్తుకు ఇంటర్ మెమో, సర్వీస్ ఐడీ స్కాన్ చేసి ఈ వారమే సిద్ధం చేసుకోండి.