మీటియర్ 350 లదాఖ్ సెటప్: శారీ గార్డ్ పీకెయ్యాలా, ఉంచాలా?

మణికొండ_మీటియర్:
అందరికీ నమస్తే. జూన్ ఆఖర్లో మనాలి నుంచి లేహ్ వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, నల్లది. బడ్జెట్ 40 వేలు, దాని మీద రూపాయి లేదు. సీటు మార్చాలా, పెద్ద విండ్‌షీల్డ్ వెయ్యాలా, పక్క బ్యాగులా టాప్ బాక్సా, ఫాగ్ లైట్లు ఎన్ని వాట్లు, జెర్రీ క్యాన్లు కావాలా? ఇంకోటి. వెనక చక్రంలో బట్టలు పడకుండా పక్కన ఉండే ఆ శారీ గార్డ్, వెనక వేలాడే నంబర్ ప్లేట్ ముక్క చూస్తే నాకు పాలబండి గుర్తొస్తోంది. రెండూ పీకేసి, నంబర్ ప్లేట్‌ని పొట్టిగా పైకి పట్టి ఉంచే టెయిల్ టైడీ వేయిద్దామనుకుంటున్నా. ఫొటోల్లో బండి కూడా పడాలి కదా. సైలెన్సర్ గురించి అడగడం లేదు, దయచేసి ఆ గొడవ వద్దు.

విశాఖ_650:
సైలెన్సర్ మార్చకుండా 40 వేలు దేనికి ఖర్చు పెడతావు బ్రో? నా ఇంటర్‌సెప్టర్‌కి ముందు అదే మార్చా. అరకు ఘాట్‌లో ఆ సౌండ్ వింటే మిగతావన్నీ మర్చిపోతాం.

నల్లమల_నాని:
అడగొద్దన్న దాని గురించే మొదటి రిప్లై, సూపర్. వైజాగ్‌లో పోలీసులు అలాంటి సైలెన్సర్లు పోగేసి రోడ్ రోలర్‌తో తొక్కించిన ఫొటోలు నువ్వు చూడలేదా అన్నా?

మణికొండ తమ్ముడూ, జెర్రీ క్యాన్ల సంగతి చెప్తా. మాదాపూర్ సిగ్నల్ దగ్గర రెండు పక్కలా ఎర్ర క్యాన్లు తగిలించుకుని ఆఫీసుకు పోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అందులో చుక్క పెట్రోల్ ఉండదు. మనాలి-లేహ్ దారిలో తాండి ఉంది, అక్కడి బంకు దగ్గర 365 కిలోమీటర్ల దాకా ఇంకో బంకు లేదని పాత బోర్డు ఉండేది, అందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లే. నీ ట్యాంకు 15 లీటర్లు. ఇద్దరూ, లగేజీ, ఘాట్ అన్నీ కలిపి లీటరుకు 30 వేసుకున్నా 450 వస్తుంది. రోడ్డు మూసేస్తే వెనక్కి తిరగడానికి ఒక్క 5 లీటర్ల క్యాను చాలు, అదీ మనాలి దాటే రోజు నింపుకో. మూతి దాకా పోయకు, ఎండకి పెట్రోల్ ఉబ్బుతుంది. క్రాష్ గార్డ్‌కి మాత్రం కట్టకు, బండి పక్కకు ఒరిగితే ముందు నేలకు తగిలేది అదే.

బెజవాడ_బుల్లెట్:
శారీ గార్డ్ పీకెయ్ తమ్ముడూ, ఆలోచించకు. లదాఖ్‌కి చీర కట్టుకుని ఎవరొస్తారు? ఎలాగూ పక్క బ్యాగుల్ని పట్టి ఉంచే ఇనుప స్టే కావాలి, అది పడేది అక్కడే. మా ఆటోనగర్‌కి తీసుకురా, అర అంగుళం పైపు వంచి రెండు వైపులా స్టే వెల్డింగ్ చేయించి నల్ల పెయింట్ కొట్టిస్తా, కంపెనీదా అని అడుగుతారు. షోరూమ్ వాళ్లు చెప్పే రేటులో సగం కూడా కాదు.

వెనకసీటు_వదిన:
చీర ఒక్కటేనా బాబూ చక్రంలో పడేది? చున్నీ, రెయిన్‌కోటు అంచు, స్వెటర్ నడుముకి కట్టుకుంటే దాని చేతులు, అన్నిటికంటే ఘోరం మీరు లగేజీకి బిగించే బంజీ తాడు. కొక్కెం జారిందా, చైన్‌లోకో స్పోక్‌లోకో పోతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో మా వారి తమ్ముడి బండికి అదే జరిగింది. స్పీడ్ లేదు కాబట్టి చక్రం బిగుసుకుని అక్కడే ఆగింది. కిందకి దిగుతున్నప్పుడైతే చెప్పలేం. ఈ థ్రెడ్‌లో ఇంతమంది రాశారు, వెనక కూర్చునే మనిషిని ఏం కావాలో అడిగారా ఎవరైనా? టెయిల్ టైడీ వేస్తే ఆ బురదంతా ఎవరి వీపు మీద పడుతుందో ఆవిడనే అడుగు తమ్ముడూ.

బెజవాడ_బుల్లెట్:
వదినా, మీరు పెద్దవారు, కాదనను. కానీ స్టే వేస్తే శారీ గార్డ్ ఉన్నట్టే కదా. అదే ఇనుము, అదే చోటు. లుక్ మాత్రం వేరు.

టార్క్_గురువు:
ఇక్కడ సగం మందికి రూల్ తెలియదు, సగం మందికి లోహం గురించి తెలియదు. చాలా ఏళ్లుగా టూరింగ్ బండ్లు కట్టి ఇస్తున్నాను కాబట్టి చెప్తున్నా, శ్రద్ధగా చదవండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123 చూడండి. పిలియన్, అంటే వెనక మనిషి కూర్చునే బండికి పట్టుకునే గ్రిప్పు, ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా. రెండు కడ్డీల స్టే సగం చక్రాన్ని కప్పుతుందా? చట్టంలో 182ఏ కూడా ఉంది, అనుమతి లేని మార్పుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ.

ఇక ఆటోనగర్ వెల్డింగ్. ఫ్రేమ్‌కి నేరుగా వెల్డింగ్ పెడితే ఆ వేడికి పక్కన లోహం పెళుసవుతుంది. సింగిల్ సిలిండర్ వణుకుడు, దానికి తోడు లోడు, గుంతలు. అతుకు పక్కనే సన్నటి వెంట్రుక లాంటి పగులు వస్తుంది, పెయింట్ కింద కనపడదు. బోల్టు స్టే అయితే బోల్టు వదులవుతుంది, చూసి బిగించుకుంటాం. బోల్టు వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్ లాకర్ జిగురు ఒక చుక్క, రోజూ పొద్దున చేత్తో ఊపి చూడటం. అంతే సైన్స్.

బెజవాడ_బుల్లెట్:
గురువు గారూ, ఫ్రేమ్‌కి వెల్డింగ్ పెడతానని ఎక్కడ అన్నాను? స్టేని వెల్డ్ చేసి, దాన్ని షాక్ అబ్జార్బర్ బోల్టుకి, ఇండికేటర్ బోల్టుకి బిగిస్తాం. చదవకుండా పాఠాలు. మా ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతారండీ, పది టన్నులు మోసేవి. మీ రెండు బ్యాగులు ఒక లెక్కా?

టార్క్_గురువు:
లారీ సంగతి వేరు, బండి సంగతి వేరు. తెలియనివాళ్లతో వాదించి లాభం లేదు.

బెజవాడ_బుల్లెట్:
తెలియనివాళ్లా? మీరు కట్టిన ఒక్క బండి ఫొటో పెట్టండి చూద్దాం.

నల్లమల_నాని:
ఇద్దరూ ఆగండయ్యా. మీటియర్‌కి సైలెన్సర్ కుడివైపు, శారీ గార్డ్ ఎడమవైపు. మీరు కొట్టుకుంటున్నది ఎడమవైపు గురించి, అసలు గొడవ కుడివైపు. మెత్తటి బ్యాగు స్టే లేకుండా వేస్తే బరువుకి కిందికి జారి సైలెన్సర్‌కి తగులుతుంది, అడుగు కరిగి బట్టలు కాలిన వాసన వస్తే గానీ తెలియదు. కుడి స్టే తప్పనిసరి. ఎడమ శారీ గార్డ్ ఉంచి దాని మీదే స్టే వచ్చే మోడల్స్ దొరుకుతాయి, వెతుక్కో.

డల్లాస్_గోల్డ్‌వింగ్:
హాయ్ ఆల్. ఇక్కడ మాకు ఈ సమస్యలు లేవు. నా గోల్డ్‌వింగ్ 1833 సీసీ, బాక్సులు కంపెనీ నుంచే వస్తాయి, రివర్స్ గేర్ కూడా ఉంది. హార్లీ వాళ్లు మాత్రం క్రోమ్ తుడుచుకుంటూ సగం వీకెండ్ పార్కింగ్‌లోనే గడిపేస్తారు.

విశాఖ_650:
రివర్స్ గేరా! అన్నా, అది బండా కారా?

వెనకసీటు_వదిన:
బాగా చెప్పారు డల్లాస్ గారూ, ఈసారి మీ బండిని లంబసింగి తీసుకురండి, రివర్స్ గేర్ అక్కడ పనికొస్తుంది. మణికొండ తమ్ముడూ, మీ ఆవిడ ఏమంది?

మణికొండ_మీటియర్:
వదినా, అడిగా. ఆవిడకి బ్యాక్‌రెస్ట్ కావాలట, మిగతావి నీ ఇష్టం అంది. శారీ గార్డ్ సంగతి ఎత్తగానే ఒక చూపు చూసింది. కాబట్టి అది ఉంటుంది. టైడీ క్యాన్సిల్. కానీ సీటు, విండ్‌షీల్డ్ గురించి ఒక్కరూ చెప్పలేదు.

వెనకసీటు_వదిన:
సీటు నేను చెప్తా. కొత్త సీటు కొనకు, ఉన్నదాని కవరు విప్పించి ఫోమ్ మార్పించు. మెత్తగా వద్దు. మెత్తటి ఫోమ్ షాపులో కూర్చున్నప్పుడు మహారాణిలా ఉంటుంది, రెండు గంటలయ్యాక అడుగు రేకు తగులుతుంది. కాస్త గట్టి ఫోమ్, పైన పలుచగా జెల్, వెనక సీటు ముందుకి వాలకుండా చదును చేయమను. ముందుకి వాలితే బ్రేకు వేసినప్పుడల్లా మీ వీపు మీదే వచ్చి పడాలి. వజ్రాల కుట్టు డిజైన్లు అంటగడతారు, వద్దను. వానలో ఆ కుట్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి, తర్వాతి రోజు పొద్దున కూర్చోగానే తెలుస్తుంది.

నల్లమల_నాని:
విండ్‌షీల్డ్ కొనే ముందు ఒక పని చెయ్యి. ఓఆర్ఆర్ మీద బైకులకి అనుమతి లేదు కాబట్టి ఏ ఖాళీ హైవే మీదో 80లో వెళ్తూ ఎడమచెయ్యి ఎత్తి పట్టుకో. గాలి హెల్మెట్ కళ్ల దగ్గర కొడుతోందా, భుజాలకా? కళ్ల దగ్గర కొడితే షీల్డ్ ఎత్తు సరిపోలేదన్నమాట, తల టకటకా ఊగిపోతుంది. రెండు అంగుళాలు ఎత్తు పెంచితే చాలామందికి పోతుంది. నల్లగా, పొట్టిగా ఉండేవి ఫొటోకి అందంగా ఉంటాయి, అవి గాలిని తెచ్చి నేరుగా గెడ్డం కింద పోస్తాయి.

విశాఖ_650:
లైట్లు పెద్దవి వెయ్ బ్రో, నాలుగు. రాత్రి అడవి దారిలో పగలులా ఉంటుంది.

టార్క్_గురువు:
ఎదురొచ్చే వాడికి కూడా పగలులానే ఉంటుంది, వాడే మీ మీదికి వస్తాడు. రెండు చాలు, కిందికి వంచి, పసుపు రంగు. రిలే, ఫ్యూజు లేకుండా హెడ్‌లైట్ వైరు గీకి చుట్టేస్తారే, వాటి వల్లే దారి మధ్యలో బండ్లు చచ్చేది. ఇప్పుడు వచ్చినవాళ్లు ఇది వింటారా?

బెజవాడ_బుల్లెట్:
ఇది మాత్రం కరెక్ట్ గురువు గారూ. ఫొటో ఇంకా రాలేదు.

మణికొండ_మీటియర్:
సరే, లెక్క వేశా. ఫోమ్, బ్యాక్‌రెస్ట్, కుడి స్టే, మెత్తటి బ్యాగులు, రెండు లైట్లు, ఒక క్యాను. టాప్ బాక్స్ వద్దనుకున్నా, ఆవిడ వెనక అంత బరువు పెడితే ముందు చక్రం తేలిపోతుందని నాని అన్న మెసేజ్‌లో చెప్పాడు. మిగిలితే ట్యాంకు మీద స్టిక్కర్లు. చండీగఢ్ దాకా బండి రైల్లో వేద్దామనుకుంటున్నా, సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసులో ఎవరైనా వేశారా?

నల్లమల_నాని:
ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి ఇవ్వాలి, ఆర్‌సీ జిరాక్స్ పట్టుకెళ్లు. అద్దాలు విప్పి బ్యాగులో పెట్టుకో. ప్యాకింగ్ వాళ్లు గోనెపట్టా చుడతారు, షీల్డ్‌కి మాత్రం నువ్వే అట్టముక్క కట్టుకో, వాళ్లని నమ్మకు.