పేపర్ జర్నల్‌కి పంపుతున్నా, ఎవరి పేరు ముందుండాలి? ఇంకొన్ని డౌట్లు

డమ్మీ వేరియబుల్
అందరికీ నమస్తే. వైజాగ్‌లోనే ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఆడవాళ్ల సంపాదన ఏమవుతోందన్నది నా పేపర్. డ్రాఫ్ట్ అయిపోయింది. ఈపీడబ్ల్యూకి (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి) పంపాలా, విదేశీ జర్నల్‌కా? కవర్ లెటర్‌లో ఏం రాస్తారు? పేపర్ ఏ అంశానిదో చెప్పే జేఈఎల్ కోడ్స్ ఏవి పెట్టాలి? ఫైలు వర్డ్‌లోనా, ఈక్వేషన్ల పేపర్లు టైప్ చేసే లేటెక్‌లోనా? చివరిది, మా గైడ్ గారి పేరు ముందా, నాదా? త్వరగా పంపెయ్యాలని ఒకటే టెన్షన్.

గాజువాక మాస్టారు
ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో అమ్మా. డబ్బులడిగే జర్నల్ జోలికే పోకు. కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వస్తుంటాయి, మూడు రోజుల్లో ప్రచురణ, సర్టిఫికెట్ ఫ్రీ అని. మా కొలీగ్ ఒకాయన అలాంటి దాంట్లో వేయించుకున్నాడు. ప్రమోషన్ ఇంటర్వ్యూ నాటికి ఆ వెబ్‌సైటే లేదు.

రిగ్రెషన్ రాణి
మాస్టారూ, ఎకనామిక్స్‌లో ఆ లెక్క కుదరదు. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ కూడా సబ్మిషన్ ఫీజు తీసుకుంటుంది. పంపేటప్పుడు కట్టించుకునేది వేరు, "మీ పేపర్ ఓకే, డబ్బు పంపండి" అనేది వేరు.

ఉప్పుచేప
ఓపెన్ యాక్సెస్‌కి, అంటే పేపర్ అందరూ ఫ్రీగా చదివేలా పెట్టడానికి, మంచి జర్నళ్లు కూడా ఓకే అయ్యాకే అడుగుతాయి కదా మేడమ్. కాబట్టి మీ లెక్కా కుదరదు. ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్ల పేర్లు వాళ్ల యూనివర్సిటీ పేజీల్లో వెతకండి, తాము ఆ బోర్డులో ఉన్నట్టు వాళ్లు రాసుకున్నారో లేదో చూడండి. అంతకన్నా పరీక్ష లేదు.

జగదాంబ జంక్షన్
అసలు ఆ జర్నల్ యూజీసీ గుర్తించిన జర్నళ్ల కేర్ లిస్ట్‌లో ఉందా?

రిగ్రెషన్ రాణి
కేర్ లిస్ట్‌ని 2025 ఫిబ్రవరిలోనే ఎత్తేశారు సార్.

జగదాంబ జంక్షన్
ఎత్తేశారని మీకు తెలుసు, నాకు తెలుసు. మా ఆఫీసు క్లర్కుకి తెలియదు. ఫారంలో ఆ గడి ఇప్పటికీ ఉంది. ఖాళీగా వదిలితే వెనక్కి పంపిస్తాడు.

చివరి పేరు
ఐదో ప్రశ్నకి వద్దాం, అసలు గొడవంతా అక్కడే. ఎకనామిక్స్‌లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల వరసలో పెడతారు. మా ఇంటిపేరు "వై"తో మొదలవుతుంది. ముగ్గురం కలిసి రాసిన పేపర్లో డేటా మొత్తం నేనే తెచ్చాను, పాడేరు కొండలెక్కి కాఫీ రైతుల్ని అడిగి మరీ. ఇప్పుడు ఆ పేపర్‌ని ఎవరు ఉదహరించినా మొదటాయన పేరు, పక్కన "ఎట్ ఆల్", అంటే "తదితరులు". నేను ఆ "ఆల్"లో ఉన్నాను.

రిగ్రెషన్ రాణి
అది అందరికీ ఒకటే రూలు కాబట్టే న్యాయం. ఎవరెక్కువ పని చేశారని కొట్టుకునే బాధ ఉండదు.

చివరి పేరు
మీ ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలవుతుందో చెప్పండి మేడమ్.

రిగ్రెషన్ రాణి
అది ఇక్కడ అనవసరం.

చివరి పేరు
"ఏ" లేదా "బి" అని ఇక్కడందరికీ అర్థమైంది.

ఉప్పుచేప
😂😂

గాజువాక మాస్టారు
మన దగ్గర అక్షరాల వరస చెల్లదు బాబూ. యూజీసీ 2018 నిబంధనలు చూడండి. ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది రాస్తే మొదటి పేరుకో, జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరెస్పాండింగ్ ఆథర్‌కో 70 శాతం ప్రమోషన్ పాయింట్లు, మిగతావాళ్లకి తలా 30. మీరు బయటి పద్ధతి పాటిస్తే ఇక్కడ ప్రమోషన్ పోతుంది.

సింహాచలం మెట్లు
మాస్టారు సగం చదివి వదిలేశారు. ఇద్దరే రాస్తే ఇద్దరికీ చెరో 70. ఈ అమ్మాయి పేపర్లో ఉన్నది తను, గైడూ ఇద్దరే. కాబట్టి ముందూ వెనకా తేడా లేదు. పాయింట్ల కోసం కొట్టుకోవాల్సిన పనే లేదు.

జగదాంబ జంక్షన్
కాగితం మీద తేడా లేదు. ఇంటర్వ్యూలో కూర్చున్నాయన మొదటి పేరు చూసి "ఇది మీ గైడ్ గారి పేపరా?" అంటాడు. నన్నలాగే అడిగారు. ఆరోజు నుంచి సొంతంగానే రాస్తున్నా.

చివరి పేరు
సొంతంగా రాయడానికి మీకు ఉద్యోగం ఉంది. పీహెచ్‌డీ పిల్లకి ఆ వీలుందా? గైడ్ సంతకం లేకుండా ఫైలు కదలదు.

సింహాచలం మెట్లు
పేర్ల గోల పక్కన పెట్టండి, ఆ పేపర్ సంగతి ఎవరైనా ఆలోచించారా? నేను కొన్ని జర్నళ్లకి రిఫరీగా, అంటే వచ్చిన పేపర్లు పరిశీలించేవాడిగా, చేశాను కాబట్టి చెబుతున్నా. అమ్మా, నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అవే తేదీల్లో వస్తుంది. ఎండాకాలం, పెళ్లిళ్లు, స్కూళ్ల సెలవులు అన్నీ అప్పుడే. సంపాదన తగ్గింది నిషేధం వల్లేనని ఎలా నిరూపిస్తావు? రిఫరీ మొదట అడిగేది అదే. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31. అంటే ఏప్రిల్ 15 నుంచి మే నెలాఖరు దాకా మనవైపు బోట్లు కట్టేసి ఉంటాయి, మంగళూరులో నడుస్తుంటాయి. అక్కడి డేటా దొరికితే పోలిక పెట్టు. దొరక్కపోతే ఇక్కడే ఇంజను లేని నాటు పడవలకి నిషేధం లేదు, వాళ్ల దగ్గర సరుకు కొనే ఆడవాళ్లని విడిగా చూపించు.

డమ్మీ వేరియబుల్
సార్, నాటు పడవల దగ్గర కొనేవాళ్లు నా సర్వేలో ఉన్నారు! పెదజాలారిపేట వైపు. కానీ వాళ్లని విడదీయలేదు. స్టాండర్డ్ ఎర్రర్స్‌ని (అంచనాలు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకెల్ని) రేవులవారీగా క్లస్టర్ చేశాను, అంటే ఒక్కో రేవువాళ్లని ఒక గుంపుగా లెక్కేశాను. మొత్తం ఆరు రేవులు.

సింహాచలం మెట్లు
ఆరు క్లస్టర్లతో ఆ ఎర్రర్స్ ఉండాల్సినదానికన్నా చిన్నవిగా వస్తాయి. క్లస్టర్లు తక్కువున్నప్పుడు వాడే వైల్డ్ బూట్‌స్ట్రాప్ పద్ధతిలో చెయ్యి. చేశాక టేబుల్లో ఫలితం గట్టిదని చూపే స్టార్లు సగం రాలిపోవచ్చు, భయపడకు.

ఉప్పుచేప
స్టార్లు అసలు పెట్టొద్దంటాయి కొన్ని జర్నళ్లు. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ వద్దంటుంది, స్టాండర్డ్ ఎర్రర్స్ మాత్రం ఇమ్మంటుంది.

గాజువాక మాస్టారు
ఆడవాళ్లు ఎండలో బుట్టలు మోసుకుని తిరుగుతుంటే మీరు బూట్‌స్ట్రాప్ అంటారేమిటండీ. ఈపీడబ్ల్యూకి పంపితే ఈ తలనొప్పి లేదు. వాళ్లకి విషయం కావాలి.

సింహాచలం మెట్లు
ఈపీడబ్ల్యూ అంటే లెక్కలు తప్పైనా పర్లేదనా మాస్టారూ? 1966 నుంచి వస్తున్న పత్రిక అది. మీరు దానికి ఎప్పుడైనా పంపారా?

గాజువాక మాస్టారు
నేను పంపానా లేదా అన్నది మీకెందుకు? నా దగ్గర చదివినవాళ్లు ఢిల్లీలో ప్రొఫెసర్లయ్యారు.

రిగ్రెషన్ రాణి
ఇద్దరూ ఆగండి. డమ్మీ గారూ, ఈపీడబ్ల్యూ స్పెషల్ ఆర్టికల్ అంటే టేబుళ్లు, రిఫరెన్సులు కలుపుకుని 8,000 పదాలు దాటకూడదు. థీసిస్ చాప్టర్ యథాతథంగా పెడితే దాటిపోతుంది. లిటరేచర్ రివ్యూలో అమర్త్య సేన్ నుంచి మొదలెట్టకండి. ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు అని పేజీలు నింపడం మన థీసిసుల జబ్బు. మొదటి పేజీలోనే మీరేం కనుక్కున్నారో అంకెతో సహా చెప్పండి. ఇంకోమాట, ఒకేసారి రెండు జర్నళ్లకి పంపొద్దు. ఇంకా అచ్చవ్వని వర్కింగ్ పేపర్‌గా నెట్‌లో పెట్టుకోవడం ఎకనామిక్స్‌లో మామూలే. అయినా పంపబోయే జర్నల్ రూలు చూసుకోండి.

జగదాంబ జంక్షన్
అసలు పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అని ఎవరన్నారు? 2022 నిబంధనల్లో తీసేశారుగా.

చివరి పేరు
యూజీసీ తీసేసింది. యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవద్దని ఎక్కడా లేదు. మీ క్లర్కుని అడగండి.

పావురాల కొండ
ఇప్పుడే చూశా. ఇంటిపేరు గురించి నాదో గోల. ఫారంలో లాస్ట్ నేమ్ అంటే చివర రాసే పేరే అనుకుని మా వారు ఒక పేపర్‌కి తన పేరు పెట్టారు, ఇంకోదానికి ఇంటిపేరు. గూగుల్ స్కాలర్‌లో ఇప్పుడు ఆయన ఇద్దరు మనుషులు.

ఉప్పుచేప
పరిశోధకులకిచ్చే ఆర్కిడ్ ఐడీ తీసుకోమనండి. ఫ్రీ. పేరెలా రాసినా నంబరు ఒకటే ఉంటుంది.

పావురాల కొండ
పాత పేపర్లు కూడా కలుస్తాయా?

ఉప్పుచేప
కలుస్తాయి, ఆయనే కూర్చుని ఒక్కోటి చేర్చాలి.

డమ్మీ వేరియబుల్
అందరికీ థాంక్స్. గైడ్ గారితో మాట్లాడాను. ఇద్దరమే కాబట్టి అక్షరాల వరసకే ఒప్పుకున్నారు. వరసలో ఆయనే ముందొస్తున్నారనుకోండి 🙂 నాటు పడవలవాళ్లని విడదీసి మళ్లీ రన్ చేస్తున్నా. కవర్ లెటర్, కోడ్స్, వర్డ్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రిగ్రెషన్ రాణి
కోడ్స్: క్యూ22 చేపల వేటకి, జే16 ఆడవాళ్ల అంశానికి, ఓ17 అసంఘటిత రంగానికి. మూడు చాలు. లెటర్ అర పేజీ దాటొద్దు. ఏం కనుక్కున్నారు, ఈ జర్నల్ పాఠకులకి ఎందుకు పనికొస్తుంది, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు, అంతే. "గౌరవనీయులైన ఎడిటర్ గారి దివ్యసముఖమునకు" ధోరణి వద్దు. పేర్లు దాచి పంపమంటే టైటిల్ పేజీతో పాటు ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరు తీసెయ్యండి, కృతజ్ఞతల పేరాలో గైడ్ పేరు కూడా. ఫైలుకి మాత్రం వర్డ్ చాలు.

సింహాచలం మెట్లు
వర్డా? ఈక్వేషన్లున్న పేపర్‌ని వర్డ్‌లో పంపితే చూడగానే ఇంప్రెషన్ పోతుంది.

రిగ్రెషన్ రాణి
ఆ పేపర్లో ఉన్నది ఒక్క ఈక్వేషన్ సార్.