సర్వే ఫారంలో ‘నాస్తికుడు’ అన్న గడి ఒక్కటే చాలా?

సీతమ్మధార అనువాదకుడు:
విశాఖలో ఇంటింటికీ తిరిగి అడిగే ప్రశ్నపత్రాన్ని ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తెస్తున్నాం. ఎథీస్ట్ (దేవుడు లేడనేవారు), అగ్నాస్టిక్ (ఉన్నాడో లేడో తెలుసుకోలేమనేవారు), నాన్‌బిలీవర్ (నమ్మకం లేనివారు), నాన్‌రిలీజియస్ (మతం పాటించనివారు) అని నాలుగు గడులున్నాయి. నాలుగింటినీ కలిపి ‘నాస్తికుడు’ అని ఒకే గడి పెట్టేద్దామంటాను. నిఘంటువు మాటలతో నింపితే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పేవాళ్లకి ఏం అర్థమవుతుంది?

భీమిలి పాఠకుడు:
వద్దండీ. అసలు ఆ మాటకే ఒక్క అర్థం లేదు. పాణిని సూత్రం ‘అస్తి నాస్తి దిష్టం మతిః’. పరలోకం ఉందనేవాడు ఆస్తికుడు, లేదనేవాడు నాస్తికుడు అని వ్యాఖ్యాతలు వివరించారు. దేవుడి ప్రసక్తే లేదక్కడ. మనుస్మృతికి వచ్చేసరికి వేదాన్ని నిందించేవాడు నాస్తికుడయ్యాడు. ఆ లెక్కన మన తొట్లకొండ, బావికొండ బౌద్ధ విహారాల్లోని ఒకప్పటి భిక్షువులంతా నాస్తికులే, కర్మఫలాన్నీ పునర్జన్మనూ నమ్మినా సరే. వేదకర్మలే ప్రధానమనే పూర్వమీమాంసకులేమో జగత్తుకి కర్త అక్కర్లేదన్నారు, కానీ వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికుల్లో చేరారు. దేవుడు లేడనేవారికి ‘నిరీశ్వరవాది’ అన్నదే సరైన మాట.

మద్దిలపాలెం వాసి:
మాస్టారూ, పాణిని నాటి అర్థంతో ఇవాళ ఇసుకతోటలో ఫారం నింపలేం. నాస్తికోద్యమం నడిపిన గోరా (గోపరాజు రామచంద్రరావు) గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకి మారింది. 1972లో భారత నాస్తిక సమాజం పుట్టింది ఈ విశాఖలోనే. తిట్టుగా వాడే మాటని వీళ్లు తలెత్తుకుని చెప్పుకునే పేరుగా మార్చారు. ఇప్పుడు దాన్ని తీసేసి ‘నిరీశ్వరవాది’ అంటే ఆ ఎనభై ఏళ్ల శ్రమని చెరిపేసినట్టే.

గాజువాక, సర్వే పనివాడు:
ఇద్దరూ మాటల పుట్టుక దగ్గరే ఆగిపోయారు. ఫారం చెడేది వేరే చోట.

నాన్‌బిలీవర్‌కి ‘అవిశ్వాసి’ అని రాయకండి. చర్చిల్లో సభ్యుల్ని విశ్వాసులంటారు, క్రీస్తుని నమ్మనివారు అవిశ్వాసులు. రోజూ సింహాచలం అప్పన్నకి దండం పెట్టుకునే మనిషి కూడా ఆ వాడుకలో అవిశ్వాసే. ఒకే గడిలో ఇద్దరు ఎదురెదురు మనుషులు పడతారు.

నాన్‌రిలీజియస్‌కి ‘అధార్మికుడు’ మరీ ప్రమాదం. ధర్మం, మతం ఒకటి కావు. అధర్మం అంటే అన్యాయం. ఎవరు ఒప్పుకుంటారు ఆ గడికి?

అగ్నాస్టిక్‌కి ‘అజ్ఞేయవాది’ అని రాసి, చదివి వినిపిస్తే చాలామందికి అజ్ఞాని అన్నట్టే వినిపిస్తుంది. 1869లో ఇంగ్లిష్ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ అగ్నాస్టిక్ అన్న మాట కల్పించింది, రుజువు లేనిచోట తెలుసునని చెప్పుకోకూడదన్న పట్టుదలతో. అది మన ‘ఏమోనండీ, తెలీదు’ కాదు. ఫారం చివర ‘తెలియదు’ అన్న గడి ఎలాగూ ఉంటుంది. రెండూ కలిసిపోతే లెక్క మొత్తం పాడవుతుంది, తర్వాత విడదీయడానికి దారి ఉండదు.

సీతమ్మధార అనువాదకుడు:
ఒకే గడి వాదన వదులుకుంటున్నాను. మరి ‘హేతువాది’? వినడానికి మెత్తగా ఉంటుంది, ఎవరూ నొచ్చుకోరు.

భీమిలి పాఠకుడు:
మెత్తదనం కోసం అర్థాన్ని వదులుకోకూడదు. హేతువాదం ఆలోచించే పద్ధతి, తేలిన ఫలితం కాదు. న్యాయమనే పాత తర్కశాస్త్రంలో అనుమానానికి, అంటే కారణం చూపి ఒక నిర్ణయానికి రావడానికి, ఐదు అవయవాలు (భాగాలు): ప్రతిజ్ఞ, హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ఆ హేతువుతోనే అదే శాస్త్ర పండితుడు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుడున్నాడని వాదించాడు! ఇంకొకటి, సంస్కర్తల్నీ ఇందులో కలిపేస్తుంటారు. వీరేశలింగం గారు మూఢాచారాలతో జీవితమంతా పోరాడారు, కానీ ఏకేశ్వరోపాసకులు. వేమన రాతి విగ్రహాల పూజని ఎండగట్టాడు, శివుణ్ణి వదల్లేదు.

మద్దిలపాలెం వాసి:
శాస్త్రంలో అంతే. తెలుగునాట మాత్రం త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కాలం నుంచీ హేతువాది అంటే జనం నాస్తికుడికి దగ్గరి చుట్టంగానే చూస్తున్నారు. వాడుకని కాదనలేం.

గాజువాక, సర్వే పనివాడు:
అందుకే పేర్లని ప్రశ్నలోంచి తీసి చివరికి పంపండి. మొదటి ప్రశ్న: ‘దేవుడు ఉన్నాడని అనుకుంటున్నారా?’ జవాబులు: ఉన్నాడు, లేడు, అది మనిషికి తెలిసే విషయం కాదు, ఇంకా తేల్చుకోలేదు, ఆ సంగతి నాకు పట్టింపు లేదు, చెప్పడం ఇష్టం లేదు. ‘పట్టింపు లేదు’ తప్పకుండా ఉంచండి, ఇంత తేటగా ఆ స్థితిని చెప్పే మాట ఇంకొకటి దొరకదు. రెండోది ఆచారం: గత 12 నెలల్లో, పెళ్లిళ్లూ పండగలూ కాకుండా, గుడికో చర్చికో మసీదుకో ఎన్నిసార్లు వెళ్లారు? మూడోది: మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు? ఇక్కడ ‘నాస్తికులు’, ‘హేతువాదులు’ అని బహువచనంలో పెట్టండి, ఆడవాళ్లకి వేరే గడి అక్కర్లేదు. ముందు ఒక ఇరవై మంది చేత ప్రతి జవాబుకీ అర్థం వాళ్ల మాటల్లో చెప్పించండి. తడబడ్డ చోట మార్చండి.

‘మతం’ గడిని వీటితో ముడిపెట్టొద్దు. 1955 హిందూ వివాహ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివారికి సాధారణంగా వర్తిస్తుంది. హిందూ ఇంట పుట్టిన నాస్తికుడు దేవుడు లేడని ఎంత గట్టిగా చెప్పినా ఆ చట్టం లెక్కలో హిందువే.

మద్దిలపాలెం వాసి:
మూడో ప్రశ్నలో ‘నాస్తికులు’ మొదటి గడిగా ఉంటే నాకు అభ్యంతరం లేదు.

భీమిలి పాఠకుడు:
అక్షరక్రమంలో పెట్టండి. మొదటి గడి ఎవరిదన్న తగువు ఫారంలోకి రాకూడదు. ‘నిరీశ్వరవాదులు’ కూడా చేర్చాలని నేనింకా అడుగుతూనే ఉంటాను.